చుక్కలు కలిపే చెయ్యి

ఫోనుకు తగిలించుకునే తొమ్మిది డాలర్ల చిన్న తీగముక్క ఒకటి. లక్షల రూపాయలు పోసి కొనే బరువైన అల్యూమినియం పెట్టె ఇంకొకటి. రెండూ చేసే పని ఒక్కటే. ఫైల్లో వరసగా పేర్చి ఉన్న అంకెలను విద్యుత్ అలగా మార్చి హెడ్‌ఫోన్‌కో యాంప్లిఫయర్‌కో అందించడం. దీన్ని డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్ అంటారు, వాడుకలో డ్యాక్. పాటలు శ్రద్ధగా వినేవాళ్ల మధ్య ఈ డ్యాక్‌ల మీద తెగని వాదన నడుస్తూనే ఉంటుంది. ఫలానాది వెచ్చగా పలుకుతుందని ఒకరు, పొడిపొడిగా ఉందని ఇంకొకరు, ఈ పెట్టె పెట్టగానే గాయని రెండడుగులు ముందుకొచ్చి పాడినట్టుందని మరొకరు అంటారు. చిక్కుముడి ఇక్కడే ఉంది. రెండు పెట్టెల్లోకీ వెళ్లిన అంకెలు ఒక్కటే. ఒక్క అంకె కూడా తేడా లేదు. ఒకే లెక్కకు ఇద్దరు పిల్లలు వేరువేరు జవాబులు రాస్తే కనీసం ఒకరు తప్పు చేశారని అంటాం. డ్యాక్‌ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ రెండు జవాబులనూ రెండు స్వభావాలుగా మెచ్చుకోవడం అలవాటైపోయింది.

ఆ వర్ణనలన్నీ ఊహలేనని కొట్టిపారేయడం తేలిక, కానీ సరికాదు. కొన్ని తేడాలు నిజంగా ఉన్నాయి. కొలతకు దొరుకుతాయి, చెవికీ తెలుస్తాయి. అయితే నిజమైన ప్రతి తేడాకీ ఒక చోటు, ఒక కారణం ఉంటాయి. ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించే చిప్ పేరు దగ్గర ఆ కారణం దొరకడం చాలా అరుదు. చిప్‌కు ముందూ వెనకా ఉన్న రెండు మూడు చోట్ల, ఆ తర్వాత వినేవాడి తలలో వెతకాలి. ఆ దారినే ఒక్కో మజిలీ చూసుకుంటూ పోదాం.

చుక్కల మధ్య ఏముంది?

సంక్రాంతి నెలలో వాకిట్లో ముగ్గు వేసే చేతిని గమనిస్తే డ్యాక్ పని సగం అర్థమవుతుంది. ముందు చుక్కలు పడతాయి, తర్వాత గీత వాటిని కలుపుకుంటూ పోతుంది. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు మార్కెట్లోకి తెచ్చిన సీడీలో ఉన్నవి చుక్కలు మాత్రమే. సెకనుకు 44,100 చుక్కలు; ఒక్కో చుక్క ఎత్తు 65,536 మెట్లలో (అంటే పదహారు బిట్లు) ఏదో ఒకటి. గీత సీడీలో లేదు, దాన్ని డ్యాక్ వేయాలి. ఇది వినగానే కలిగే అనుమానం న్యాయమైనదే. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న సంగీతం ఏమైనట్టు? అవే చుక్కలతో పది రకాల ముగ్గులు వేయొచ్చు కదా, పాడినవాళ్లు పాడిన ముగ్గు ఏదో డ్యాక్‌కు ఎలా తెలుస్తుంది? డిజిటల్ ధ్వనిని మెట్లమెట్లుగా చూపించే బొమ్మలు ఈ అనుమానాన్ని ఏళ్ల తరబడి పెంచి పోషించాయి.

జవాబు ఒక్క షరతులో ఉంది. గీత ఎంత గబుక్కున వంపు తిరగొచ్చో ముందే ఒక హద్దు పెట్టేస్తే, ఆ చుక్కలన్నిటి మీదుగా పోగలిగిన గీత లోకంలో ఒక్కటే ఉంటుంది. రెండోది వేయడం అసాధ్యం. సీడీకి ఆ హద్దు సెకనుకు 22,050 కంపనాలు (హెర్ట్జ్), అంటే చుక్కల సంఖ్యలో సగం. రికార్డు చేసేటప్పుడే అంతకు మించినవాటిని వడకట్టేస్తారు. 1928లో హ్యారీ నైక్విస్ట్ తాకి వదిలిన ఈ విషయాన్ని 1933లో రష్యాలో కొటెల్నికోవ్, 1949లో అమెరికాలో క్లాడ్ షానన్ గణితంగా నిరూపించారు. మనిషి చెవి పడుచు వయసులో కూడా 20,000 హెర్ట్జ్ దాటి వినలేదు. వయసు పెరిగేకొద్దీ ఆ గీటు కిందికి దిగుతూనే ఉంటుంది. కాబట్టి చెవికి పనికొచ్చేదంతా హద్దులోపలే ఉంది, దానికి సరిపోయే గీత ఒక్కటే ఉంది. జిఫ్ సంస్థకు చెందిన క్రిస్ మాంట్‌గోమరీ 2013లో పాతకాలపు అనలాగ్ ఆసిలోస్కోప్ మీద దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించాడు. చుక్కలుగా మారి మళ్లీ బయటికొచ్చిన అల తెర మీద నున్నగా, మెట్టన్నది లేకుండా కనిపించింది.

చుక్క ఎత్తును దగ్గరి మెట్టుకు సరిపెట్టడంలో వచ్చే కొద్దిపాటి తేడా సంగతేమిటన్నది రెండో అనుమానం. అది సన్నని రొదగా మిగులుతుంది. పదహారు బిట్ల సీడీలో ఆ రొద, పాటలోని అతిపెద్ద ధ్వనికి 96 డెసిబెల్‌ల దిగువన ఉంటుంది. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉందనుకునే గదిలో కూడా 25, 30 డెసిబెల్‌ల సద్దు ఉంటుంది కనుక మామూలుగా వినేటప్పుడు ఆ రొద గది సద్దులోనే మునిగిపోతుంది. ఇక్కడి నుంచి ఒక ముఖ్యమైన సంగతి తేలుతోంది. గీత ఒక్కటే కాబట్టి, డ్యాక్‌లు మెరుగయ్యేకొద్దీ అన్నీ ఆ ఒక్క గీత దగ్గరికే చేరాలి. రెండు మంచి డ్యాక్‌ల మధ్య తేడా తగ్గుతూ పోవాలే తప్ప పెరగకూడదు.

తూనిక రాళ్లు, చిల్లర బాకీ

అంకెను ఓల్టేజీగా మార్చడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది పచారీ కొట్టు తక్కెడ పద్ధతి. 1 గ్రాము, 2, 4, 8... ఇలా ఒక్కోటీ ముందుదానికి రెట్టింపు బరువున్న 16 తూనిక రాళ్లు ఉన్నాయనుకుందాం. వీటితో 65,535 గ్రాముల దాకా ఏ బరువైనా తూచొచ్చు. డ్యాక్‌లో ఈ రాళ్ల పని రెసిస్టర్లు చేస్తాయి. నిచ్చెనలా పేరుస్తారు కాబట్టి లాడర్ డ్యాక్ అంటారు. చిక్కంతా పెద్ద రాయితోనే. దాని బరువు 32,768 గ్రాములు, ముప్పై రెండు కిలోల పైచిలుకు. అందులో ఒక్క గ్రాము తేడా వచ్చినా అది అతిచిన్న రాయి మొత్తం బరువుకు సమానం. పైగా 32,767 నుంచి 32,768కి మారేటప్పుడు పదిహేను చిన్న రాళ్లనూ ఒక్కసారిగా తీసేసి పెద్ద రాయి ఒక్కటే వేయాలి. ధ్వని అలకు నట్టనడుమ, నిశ్శబ్దానికి చోటు సరిగ్గా అక్కడే. తంబుర ఒక్కటే సన్నగా మోగుతున్నప్పుడు అల ఆ నడిమి బిందువు చుట్టూనే తిరుగుతుంది, రాళ్ల మార్పిడి మాటిమాటికీ జరుగుతుంది. గట్టిగా మోగే చోట కలిసిపోయే పొరపాటు ఆ మెల్లని చోట బయటపడుతుంది. ఇరవై నాలుగు బిట్లకు వెళ్తే మెట్లు కోటీ అరవై ఏడు లక్షలు దాటతాయి. అంత కచ్చితంగా రెసిస్టర్లు తయారుచేయడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు. అందుకే అమెరికాలో ఎంఎస్‌బీ, చైనాలో హోలో ఆడియో వంటి లాడర్ డ్యాక్ తయారీదారులు రెసిస్టర్లను ఏరి కూర్చడం మీదా, మిగిలిన తేడాను సర్దడం మీదా అంత శ్రమ పెడతారు.

రెండోది చిల్లర బాకీ పద్ధతి. పాలవాడికి రోజుకు 7 రూపాయలివ్వాలి, ఇంట్లో ఉన్నవన్నీ పది నోట్లే అనుకుందాం. ఒకరోజు నోటిస్తాం, ఇంకోరోజు ఆపుతాం, ఎవరికెంత బాకీయో గుర్తుపెట్టుకుంటాం. పది రోజుల్లో ఏడుసార్లు నోటిస్తే సగటు సరిగ్గా 7. ఏ ఒక్క రోజు లెక్కా సరిపోదు, కానీ బాకీని జాగ్రత్తగా మోసుకుపోతే నెల లెక్క మాత్రం తప్పదు. 1962లో టోక్యో విశ్వవిద్యాలయంలో ఇనోసే, యసుదా బృందం రూపుదిద్దిన డెల్టా-సిగ్మా పద్ధతి సారాంశం ఇదే. నోటు ఒకే రకం, లేదా మహా అయితే కొద్ది రకాలు. ఇవ్వడం-ఆపడం మాత్రం సెకనుకు లక్షల సార్లు. సీడీ వేగానికి 64 రెట్లు నడిస్తే సెకనుకు 28 లక్షల సార్లు దాటుతుంది. రోజువారీ తేడాలన్నీ చెవికి అందని ఎత్తైన కంపనాల వైపు నెట్టేస్తారు, తర్వాత తేలిగ్గా వడకట్టేస్తారు. ఇందులో పెద్ద రాయి చిన్న రాయి గొడవ లేదు. సిలికాన్ చిప్‌కు కచ్చితమైన రాయి చెక్కడం కష్టం, వేగంగా లెక్కపెట్టడం సులువు. అందుకే యాపిల్ అమ్మే తొమ్మిది డాలర్ల అడాప్టర్‌లో కూడా రొద, వక్రీకరణ కలిపి శాతంలో వెయ్యో వంతు దరిదాపుల్లోకి దిగిపోయాయి. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గరి డీసీఎస్ కంపెనీ తన రింగ్ డ్యాక్‌లో ఈ రెండు ఆలోచనలనూ కలుపుతుంది. అన్నీ ఒకే బరువున్న రాళ్లు పెట్టుకుని, ఏ రాయి ఎప్పుడు వేయాలో మార్చుతూ, వాటి మధ్య తేడాలను రొదగా చెదరగొడుతుంది. మంచి ఇంజనీరింగ్ అంటే ఇలా ఉంటుందని చెప్పుకోదగ్గ పని అది.

డ్యాక్‌లు ఒకదానికొకటి తేడాగా పలుకుతాయన్న మాట 1980లలో పుట్టింది. అప్పట్లో అందులో నిజం కూడా ఉంది. ఫిలిప్స్ తొలి ప్లేయర్లలో పద్నాలుగు బిట్ల చిప్ వాడి, వేగాన్ని నాలుగు రెట్లు చేసి, మిగిలిన రెండు బిట్లను లెక్కతో రాబట్టింది. సోనీ మొదటి ప్లేయర్ సీడీపీ-101లో ఎడమ, కుడి చానళ్లు రెండింటికీ ఒకే డ్యాక్ వంతులవారీగా పనిచేసేది. దానివల్ల ఒక చానల్ సెకనులో పది లక్షలో వంతులు పదకొండు ఆలస్యమయ్యేది. తల నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిపితే వచ్చే తేడా అంత. నలభై ఏళ్లలో చిప్‌లు ఎక్కడికో వెళ్లిపోయాయి. మాట మాత్రం ఆనాటిదే మిగిలింది.

గీత వేసే తీరు

చుక్కల ఎత్తులు ఓల్టేజీగా మారాక గీతను నున్నగా చేసే పని ఫిల్టర్‌ది. ముగ్గు వేసే చెయ్యి అదే. డ్యాక్ స్వభావం గురించి నిజం మాట్లాడుకోవాలంటే ఎక్కువసేపు ఆగాల్సిన చోటు కూడా ఇదే. ఫిల్టర్ 20,000 హెర్ట్జ్ దాకా ఉన్నదంతా ముట్టుకోకుండా వదలాలి. 22,050 దాటిందంతా ఆపేయాలి. ఆ రెండింటి మధ్య సందు చాలా ఇరుకు, కాబట్టి ఫిల్టర్ గోడ నిట్టనిలువుగా ఉండాలి. గోడ ఎంత నిటారుగా ఉంటే, చురుకైన దరువు తగిలినప్పుడు గంట కొట్టాక మిగిలే మోతలా అంతసేపు సన్నని ప్రకంపన మిగులుతుంది. ఒక రకం ఫిల్టర్‌లో ఆ ప్రకంపన దరువుకు ముందూ వెనకా సమానంగా ఉంటుంది. ఇంకో రకంలో మొత్తం వెనక్కే వస్తుంది, కానీ హెచ్చు స్వరాల సమయం కొద్దిగా జరుగుతుంది. మూడో రకం గోడను ఏటవాలుగా కట్టి ప్రకంపన తగ్గిస్తుంది, బదులుగా పై స్వరాలు కొంత పోతాయి. చాలా డ్యాక్‌లలో వీటిని ఎంచుకునే మీట ఉంటుంది. దరువుకు ముందే మోత రావడం ప్రకృతిలో లేదు కాబట్టి మొదటి రకం కృతకంగా వినిపిస్తుందన్న వాదన తరచూ వస్తుంది. వినడానికి బాగానే ఉన్నా, ఆ మోత జరిగేది 22,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. మనిషి చెవికి అక్కడ తలుపు మూసే ఉంటుంది.

అసలు ఫిల్టర్ లేకుండా, చుక్కల ఎత్తును తర్వాతి చుక్క దాకా అలాగే పట్టి ఉంచే డ్యాక్‌లు కూడా ఉన్నాయి. నాస్ డ్యాక్‌లంటారు. వీటి అభిమానులు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: మెత్తగా ఉంటుంది, చెవి అలసిపోదు, పాత రికార్డులా పలుకుతుంది. వాళ్లు విన్నది నిజమే. ఎత్తును అలా పట్టి ఉంచడం వల్ల పై స్వరాలు వాటంతట అవే తగ్గుతాయి: 10,000 హెర్ట్జ్ దగ్గర ముప్పావు డెసిబెల్, 15,000 దగ్గర 1.7, 20,000 దగ్గర 3.2 డెసిబెల్‌లు. తాళాల గలగల, "స" పలికేటప్పుడు పళ్ల మధ్య నుంచి వచ్చే గాలి ఉండేది ఆ మేడ మీదే. వాటిని కొంచెం తగ్గిస్తే ధ్వని మెత్తబడుతుంది. ఇదే మెత్తదనం ఏ మ్యూజిక్ యాప్‌లోనైనా ట్రెబుల్ గీతను ఆమేరకు దించితే పైసా ఖర్చు లేకుండా వస్తుంది. నచ్చితే అలా వినడంలో తప్పు లేదు. దాన్ని గణితానికి అందని సహజత్వంగా చెప్పి అమ్మడం మాత్రం కొనేవాడికి అన్యాయం.

ఇంకో కొసన ఇంగ్లండ్‌లోని కార్డ్ ఎలక్ట్రానిక్స్ ఉంది. దాని రూపకర్త రాబ్ వాట్స్ వాదన ప్రకారం గీత సరిగ్గా పడాలంటే చెయ్యి ముందూ వెనకా లెక్కలేనన్ని చుక్కలు చూసి కదలాలి. మామూలు చిప్‌లో ఫిల్టర్ వందల్లో లెక్కవేస్తే, ఆ కంపెనీ ఎం స్కేలర్ పది లక్షలు దాటి లెక్కవేస్తుంది. గణితం ప్రకారం ఇది ఆదర్శానికి దగ్గరే. కానీ మామూలు చిప్‌లోని నిటారు ఫిల్టర్ కూడా వినిపించే పరిధిలో డెసిబెల్‌లో వందో వంతు తేడా రానివ్వదు. ఆ వందో వంతును సున్నా చేయడం ఇంజనీర్‌కు తృప్తినిచ్చే సంగతి. చెవికి అందే సంగతని చూపిన ఆధారం బలంగా లేదు. చుక్కల మధ్య ఎడం సెకనులో పది లక్షలో వంతులు 22.7 కదా, మృదంగం దెబ్బ సరిగ్గా ఏ క్షణాన పడిందో సీడీ ఎలా చెప్పగలదన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. దెబ్బ రెండు చుక్కల మధ్య పడితే ఆ రెండింటి ఎత్తులూ, వాటి చుట్టూ ఉన్నవాటి ఎత్తులూ దానికి తగ్గట్టు మారతాయి. గీత శిఖరం సరిగ్గా ఆ నడిమి క్షణంలోనే లేస్తుంది. చుక్కల ఎడం కంటే ఎంతో సూక్ష్మమైన సమయం కూడా ఆ ఎత్తుల్లోనే దాగి ఉంటుంది.

[కొంచెం వివరంగా: జిట్టర్]

ముగ్గు చుక్కలు సమానమైన ఎడంలో పడాలి. చుక్క ఎత్తు సరిగ్గానే ఉన్నా, పడాల్సిన క్షణం కంటే కాస్త ముందో వెనకో పడితే గీత వంకర పోతుంది. ఈ సమయపు తడబాటునే జిట్టర్ అంటారు. ఖరీదైన క్లాక్‌లు, వాటికి వేరే పెట్టెలు, వేరే కరెంటు సరఫరా అమ్మేది దీన్ని చూపించే. 1998లో డాల్బీ పరిశోధకులు బెంజమిన్, గానన్ కొలిచి చూశారు. ఒంటరిగా మోగే హెచ్చు స్వరంతో సెకనులో వంద కోట్లో వంతులు పది దాకా ఉన్న తడబాటును కొందరు పట్టగలిగారు. సంగీతం మధ్యలో అంతకంటే ఎక్కువ కావాల్సివచ్చింది. జపాన్‌లో ఆషిహారా బృందం 2005లో సంగీతంతో చేసిన పరీక్షలో యాదృచ్ఛిక తడబాటు వంద కోట్లో వంతులు 250 దాటితే తప్ప ఎవరికీ తెలియలేదు. ఇవాళ సాధారణ డ్యాక్‌లో మిగిలే తడబాటు వంద కోట్లో ఒక వంతు కంటే కూడా చిన్నది. సంగీతంలో చెవి పట్టగలిగిన దానికీ పెట్టెలో ఉన్న దానికీ మధ్య వందల రెట్ల దూరం ఉంది.

అంకెలు దాటాక

గీత పడ్డాక దాన్ని బయటికి మోసే అనలాగ్ భాగం ఉంది. వినిపించే తేడాలు ఎక్కువగా దొరికేది ఇక్కడే. కొన్ని డ్యాక్‌ల చివరన వాల్వులు పెడతారు. వాల్వు తనగుండా పోయే ప్రతి స్వరానికీ పై స్థాయి తోబుట్టువును, అంటే పై స్థాయిలోని అదే స్వరాన్ని, కొద్దిగా కలుపుతుంది. మోతాదు తగినంత ఉంటే గొంతు నిండుగా, దగ్గరగా వినిపిస్తుంది. అది కలిపిన రుచి, రికార్డులో ఉన్నది కాదు. అయినా చెవికి ఇంపుగానే ఉంటుంది. కావాలని తెలిసి కొనుక్కునేవాళ్లను తప్పుపట్టలేం.

హెడ్‌ఫోన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పైపు సన్నగా ఉంటే కుళాయి తిప్పినకొద్దీ నీటి ఒత్తిడి మారినట్టే, డ్యాక్ బయటి దారిలో నిరోధం ఎక్కువగా ఉంటే హెడ్‌ఫోన్ ఏ స్వరం దగ్గర ఎంత లాగుతుందో దాన్నిబట్టి ధ్వని మారుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600నే తీసుకుంటే, దాని నిరోధం 300 ఓమ్‌లని రాసి ఉన్నా బేస్ ప్రాంతంలో 500 దాటి లేస్తుంది. 120 ఓమ్‌ల నిరోధమున్న సాకెట్‌కు తగిలిస్తే ఆ బేస్ ప్రాంతం మిగతావాటికంటే సుమారు ఒక డెసిబెల్ ఎక్కువగా వస్తుంది. ఒక డెసిబెల్ మంచి చెవికి స్పష్టంగా తెలుస్తుంది. "ఈ డ్యాక్‌లో బేస్‌కు ఒళ్లు వచ్చింది" అన్న మాట ఇలాంటి చోట అక్షరాలా నిజం. దాని కారణం మాత్రం డ్యాక్ చిప్‌లో లేదు, సాకెట్ వెనకున్న ఒక రెసిస్టర్‌లో ఉంది.

[కొంచెం వివరంగా: చుక్క కంటే గీత ఎత్తు]

ఈ మధ్యకాలపు పాటలను వీలైనంత గట్టిగా వినిపించాలని చుక్కలను కప్పు తగిలేదాకా ఎత్తి పెడతారు. రెండు ఎత్తైన చుక్కల మధ్య నున్నగా పోయే గీత ఆ రెండింటికంటే పైకి లేవొచ్చు. కొన్ని స్వరాల దగ్గర మూడు డెసిబెల్‌ల దాకా కూడా. డ్యాక్‌లో కప్పు పైన కాస్త చోటు వదలకపోతే గీత తల తెగి చిటపట వినిపిస్తుంది. అమెరికాలోని బెంచ్‌మార్క్ కంపెనీ తన డ్యాక్‌లలో ఈ చోటు కావాలని వదిలింది. చాలా డ్యాక్‌లలో అది లేదు. ఒకే పాట ఒకదాంట్లో కరుకుగా, ఇంకోదాంట్లో సాఫీగా ఉండటానికి ఇది నిఖార్సైన కారణం. మ్యూజిక్ యాప్‌లోనే శబ్దాన్ని మూడు నాలుగు డెసిబెల్‌లు తగ్గించి, ఆ లోటును యాంప్లిఫయర్‌లో పూడ్చుకుంటే సమస్య పోతుంది.

మఖమల్, కత్తి

డ్యాక్ చిప్‌ల లోకంలో రెండు పెద్ద పేర్లున్నాయి: జపాన్‌కు చెందిన ఏకేఎం, అమెరికాకు చెందిన ఈఎస్‌ఎస్. వినేవాళ్ల మధ్య వీటికి స్థిరపడిన వర్ణనలున్నాయి. ఏకేఎం మెత్తన, నునుపు; ఈఎస్‌ఎస్ పదును, మెరుపు, ఒక్కోసారి చెవిని గీరేటంత కరుకు. ఇప్పుడు ఈ రెండు కంపెనీలు తమ చిప్‌లకు పెట్టుకున్న వ్యాపార నామాలు చూడండి. ఏకేఎం పెట్టుకున్నది వెల్వెట్ సౌండ్, అంటే మఖమల్ ధ్వని. ఈఎస్‌ఎస్ పెట్టుకున్నది సేబర్, అంటే వంపు కత్తి. ఒకటి మెత్తగా, ఇంకోటి పదునుగా వినిపించడం వెనక విద్యుత్తు ఎంతో, పేరు ఎంతో ఆలోచించాల్సిందే. రెండింటి పైతరగతి చిప్‌లూ రొదను 120 డెసిబెల్‌లకు పైబడిన లోతుకు దించేశాయి. అంతటి రొద వినిపించాలంటే పాటలోని పెద్ద ధ్వని చెవి నొప్పిపుట్టే స్థాయిలో మోగాలి.

2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెవొకాలో ఏకేఎం ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ప్రపంచమంతటా చిప్‌లకు కరువొచ్చి, చాలా కంపెనీలు తమ పాత మోడళ్లలోనే ఈఎస్‌ఎస్ చిప్‌లు పెట్టుకోవాల్సివచ్చింది. స్టూడియోల్లో పేరున్న జర్మన్ కంపెనీ ఆర్‌ఎంఈ కూడా తన ఏడీఐ-2 డ్యాక్‌లో ఈ మార్పు చేసింది. చుట్టూ ఉన్న అనలాగ్ భాగాన్ని కొత్త చిప్‌కు తగ్గట్టు సర్దుకుంటే పెట్టె పనితీరు నిలబడుతుందని ఇలాంటి మార్పులు చూపించాయి. స్వభావం చిప్‌లోనే ఉంటే, చిప్ మార్చిన మరునాడు పెట్టె పాత్రే మారిపోవాలి కదా!

పేరు చెవిని ఎలా తిప్పుతుందో తెలియాలంటే 1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ బయటపెట్టిన విషయం గుర్తుచేసుకోవాలి. తెర మీద మనిషి పెదాలు "గ" అన్నట్టు కదులుతుంటాయి, వినిపించే ధ్వని మాత్రం "బ". చూసేవాళ్లలో చాలామందికి వినిపించేది "డ"! కళ్లు మూసుకోగానే మళ్లీ "బ". విషయం మొత్తం తెలిసినవాళ్లకు కూడా కళ్లు తెరిస్తే "డ"నే వినిపిస్తుంది. మెదడు చెవి ఇచ్చినదాన్ని ఉన్నదున్నట్టు తీసుకోదు. కంటికి కనిపించినదీ, తనకు తెలిసినదీ కలిపి వండుతుంది. ఖరీదైన పెట్టె మెత్తగా వినిపించిందని చెప్పే మనిషి అబద్ధం చెప్పడం లేదు. ఆ మెత్తదనం అతనికి నిజంగానే వినిపించింది.

దీనికి తోడు శబ్దస్థాయి. మామూలు డ్యాక్ 2 ఓల్టులు ఇస్తే, ఇంకోటి 2.5 ఇస్తుంది. ఆ తేడా దాదాపు రెండు డెసిబెల్‌లు. తేడా ఇంకా చిన్నదై అర డెసిబెల్ లోపు ఉంటే మనకు "గట్టిగా ఉంది" అనిపించదు. "స్పష్టంగా ఉంది, బేస్ నిండుగా ఉంది" అనిపిస్తుంది. ధ్వని పెరిగేకొద్దీ చెవి బేస్‌ను ఎక్కువగా పట్టుకుంటుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. శబ్దస్థాయిని డెసిబెల్‌లో పదో వంతు దాకా సరిచూడకుండా చేసిన పోలిక ఏదైనా, ఎంత అనుభవజ్ఞుడు చేసినా, దేన్ని కొలిచిందో చెప్పలేం.

చెవిని నమ్మొద్దా?

ఇంతదాకా చెప్పినదానికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది: కొలతలకు అందనివి చెవికి అందవచ్చు కదా. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కాకపోతే ఇక్కడ కొలవాల్సింది సంగీతం కలిగించే అనుభూతి కాదు, తీగలో పోయే ఓల్టేజీ. రెండు డ్యాక్‌ల నుంచి వచ్చిన అలలను సమయం, స్థాయి సరిపెట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే, మిగిలినదే వాటి మధ్య ఉన్న మొత్తం తేడా. పేరు పెట్టగలిగినదీ పెట్టలేనిదీ, లోతూ వెడల్పూ, గాలీ వెలుగూ అన్నీ అందులోనే ఉండి తీరాలి. హెడ్‌ఫోన్‌ను చేరేది ఆ ఓల్టేజీ తప్ప వేరే ఏదీ లేదు. ఆ మిగులు గది సద్దు కంటే ఎంతో కిందుంటే, దాన్ని వినడానికి దారి లేదు.

రెండో అభ్యంతరం: ఏ పెట్టె మోగుతోందో చెప్పకుండా చేసే పరీక్షల్లో మనిషి ఒత్తిడికి లోనవుతాడు, సున్నితమైనవి జారిపోతాయి, నెలల తరబడి ఇంట్లో హాయిగా వింటేనే స్వభావం తెలుస్తుంది. దీన్ని పరీక్షించి చూశారు. ఇప్పుడు మోగుతున్నది ఏ, బీలలో ఏదో చెప్పమనే ఏబీఎక్స్ పరీక్షను ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ క్లార్క్ 1991లో వివరించిన ఒక ప్రయోగంలో, కావాలని వక్రీకరణ కలిపే పెట్టెలనూ ఏమీ చేయని పెట్టెలనూ శ్రోతల ఇళ్లకు పంపి, తీరిగ్గా విని చెప్పమన్నారు. ఇంట్లో విన్నవాళ్లు పట్టలేకపోయారు. గబగబా మార్చి మార్చి వినిపించే ఏబీఎక్స్‌లో మాత్రం ఆ వక్రీకరణ దొరికిపోయింది. ధ్వని సూక్ష్మ వివరాల జ్ఞాపకం కొన్ని క్షణాలే ఉంటుంది కాబట్టి ఇందులో వింత లేదు. నిన్నటి కూరలో ఉప్పును ఇవాళ్టి కూరతో పోల్చడం కంటే, రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి రుచి చూడటం నయం.

మూడోది అన్నిటికంటే బలమైనది: కొన్ని పరీక్షల్లో కొందరికి తేడా తెలిసింది. అవును, తెలిసింది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికన్లు సీడీ కంటే ఎక్కువ సమాచారం నింపిన హై-రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని సీడీ స్థాయికి కుదించి, కుదించనిదానితో పోల్చమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ ఇలాంటి 18 అధ్యయనాలను, 12,500కు పైబడిన ప్రయత్నాలను ఒకచోట చేర్చి లెక్కవేశాడు. సగటున 52.3 శాతం సరైన జవాబులొచ్చాయి. ముందుగా శిక్షణ ఇచ్చినవాళ్లలో 62 శాతం దాకా. నాణెం కంటే కొంచెం ఎక్కువ, అయినా కాకతాళీయం కాదనదగ్గ ఎక్కువ. కాబట్టి ఎవరికీ ఎప్పటికీ ఏ తేడా తెలియదని అనడం అతి. కానీ ఆ అంకెను తిరగేసి చూడాలి. హై-రిజల్యూషన్‌కీ సీడీకీ మధ్య ఉండేది, ఒకే ఫైలును వాయించే రెండు మంచి డ్యాక్‌ల మధ్య ఉండేదానికంటే పెద్ద తేడా. శిక్షణ పొందిన చెవి కూడా అక్కడ వందలో ముప్పై ఎనిమిదిసార్లు తప్పుతోంది. పొరుగింట్లో ఉన్నవాళ్లకు కూడా తేడా తెలిసిపోయిందని రాసే వర్ణనలకూ దీనికీ పొంతన ఎక్కడుంది?

తనకు నిజంగా తెలుస్తోందా అని తేల్చుకోవాలనుకునేవాళ్లకు పద్ధతి కష్టమేం కాదు. ఒక పరీక్ష స్వరాన్ని మోగించి, మల్టీమీటర్‌తో రెండు డ్యాక్‌ల ఓల్టేజీని ఒక శాతం తేడాలోకి తేవాలి. ఫిల్టర్ మీట రెండింట్లోనూ ఒకే రకం మీద ఉండాలి. ఏది మోగుతోందో వినేవాళ్లకూ, వాళ్ల ఎదురుగా ఉన్నవాళ్లకూ తెలియకూడదు. 16 ప్రయత్నాల్లో 12 సరైతే అదృష్టం మీద నెట్టేయడానికి అవకాశం నూటికి నాలుగు పాళ్లే. నెగ్గితే ఆగకుండా కారణం వెతకాలి: పై స్వరాలు తగ్గాయా, సాకెట్ నిరోధం ఎక్కువా, గీత తల తెగుతోందా? చాలాసార్లు ఈ మూడింట్లోనే దొరుకుతుంది. స్పీకర్ బేస్ దగ్గర ఒక శాతం, అంతకు మించి కూడా వక్రీకరణ కలపడం మామూలు. గది గోడలు కొన్ని స్వరాలను పది డెసిబెల్‌లు ఎత్తి, కొన్నిటిని అంతే ముంచుతాయి. డ్యాక్‌లో శాతంలో వెయ్యో వంతు కోసం పోసే డబ్బులో పదో వంతు పెట్టి గోడకు మందపాటి పరుపు కట్టినా, స్పీకర్‌ను రెండడుగులు జరిపినా, వచ్చే మార్పుకు పరీక్ష అక్కర్లేదు.

పాత తెలుగు పాటల దగ్గర ఈ లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1957 నాటి మాయాబజార్ ధ్వని సినిమా రీలు అంచున కాంతితో గీసిన గీతగా ప్రేక్షకులను చేరింది. ఆ గీత పట్టుకోగలిగిన పై స్వరాల హద్దు సీడీ హద్దుకు ఎంతో దిగువ. దాని సహజమైన రొద సీడీ రొదకు ఎంతో ఎగువ. 2010లో ఆ చిత్రాన్ని రంగుల్లో విడుదల చేసినప్పుడు ధ్వనిని కూడా కొత్తగా డీటీఎస్‌లోకి తెచ్చారు. అలా తెచ్చేటప్పుడు ఏ ప్రింటు తీసుకున్నారు, అది ఎంత శుభ్రంగా ఉంది, ఎంత నిలకడైన వేగంతో నడిచింది, రొద తీసేటప్పుడు ఘంటసాల గొంతులోని ఊపిరిని ఎంత మిగిల్చారు అన్నవే ఆ పాట ఎలా వినిపించాలో నిర్ణయిస్తాయి. ఈ ప్రశ్నలన్నీ డ్యాక్‌కు ఎదురుగా, అలను చుక్కలుగా మార్చే చివరన ఉన్నాయి. ఇంకా డిజిటల్‌లోకి రాని రీళ్లు, గ్రామఫోన్ రికార్డులు ఏడాదికేడాది పాడైపోతూనే ఉన్నాయి. ఒక్కసారి జాగ్రత్తగా చుక్కలు పెట్టుకుంటే, తొమ్మిది డాలర్ల తీగముక్క కూడా వాటిని సరిగ్గానే కలుపుతుంది.